స్నానాల బండకు వజ్రలేపం

మా చిరాగ్‌పల్లి ముంబయి రహదారి మీద, కర్ణాటక పొలిమేరను ఆనుకొని ఉన్న ఊరు. చిరాగ్ అంటే పారశీకంలో దీపం. పల్లి మనదే. పేరులో ఉన్న ఈ కలగలుపు మా ఇళ్లలోని స్నానాల గదుల్లోనూ కనిపిస్తుంది. గోడకు పూసే గిలాబు పారశీకం, నేలకు పరచే ఫర్షి అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, నీళ్లు బయటికి పోయే తూము అచ్చ తెలుగు. పొలిమేర దాటి నాలుగు అడుగులు వేస్తే ఆ గదినే కన్నడంలో బచ్చలు అంటారు. కావ్యాలు చదువుకొన్నవాళ్లం కాబట్టి మేము మజ్జనగృహమని వ్రాసి సంతోషిస్తాం గాని, ఇంట్లో ఎవరూ అలా పిలవరు.

ఈ వ్యాసానికి మూలం ఆ గదిలోనే ఉంది. మూడేళ్ల కిందట మా పాత ఇంటి స్నానాల గదిని పడగొట్టి కొత్తది కట్టించాం. అబ్బాయి మెరిసే పింగాణీ పలకలు వేయిద్దామన్నాడు. తాండూరు బండలు తప్ప మరొకటి వద్దని నేను పట్టుపట్టాను. మనుమరాలి ఓణీల వేడుక దగ్గర పడింది. బంధువులు వచ్చేలోగా గది సిద్ధం కావాలని మేస్త్రీని తొందరపెట్టాను. అతడు బండలు పరచి, సందుల్లో సిమెంటు నింపి, మరకలు పోవడానికి యాసిడ్‌తో కడిగి, సరిగ్గా ఏడవ రోజున డబ్బాలోని మెరుగు పూత ఒకటి రెండు వరుసలు పూశాడు. వేడుకనాటికి నేల అద్దంలా మెరిసింది. వచ్చిన చుట్టాలందరూ మెచ్చుకొన్నారు.

వానకాలం వచ్చేసరికి ఆ అద్దం కింద పాల మరకలు లేచాయి. ఆ తరువాత పూత పాము కుబుసంలా ఊడటం మొదలైంది. ఊడినచోట రాయి గరుకు, ఊడనిచోట సబ్బునీరు పడితే నూనె పోసినంత జారుడు. ఒక కార్తీక సోమవారం తెల్లవారుజామున నా భార్య అక్కడే జారిపడింది. కుడి మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. చూడవచ్చినవాళ్లందరూ మేస్త్రీని తిట్టారు. ఆమె మాత్రం నా వైపు చూసి, "అతన్నేం అంటరు, తొందర వీరిది" అన్నది. అది నిజం. ఆ ఆరు వారాలు వంటింటి పని నేనే చూసుకొంటూ, మధ్యాహ్నాలు పుస్తకాలు ముందు వేసుకొని కూర్చున్నాను. రాతికీ నీటికీ మధ్య మన పెద్దలు ఏమి ఉంచేవారన్నదే నా ప్రశ్న.

ముందు రాయి సంగతి. మా పరిసరాల్లో తవ్వితే దొరికేది ఎర్రరాయి. జహీరాబాదు నుంచి బీదరు దాకా పరుచుకొన్న ఆ ఎత్తైన నేల అంతా అదే. ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లాండు వైద్యుడు 1807లో ప్రచురించిన తన యాత్రా గ్రంథంలో మలబారులో చూసిన ఇటువంటి రాతికి లాటరైట్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఇటుకకు ఉన్న పేరు నుంచి వచ్చిందా మాట. తవ్వినప్పుడు గొడ్డలితో చెక్కవచ్చు, ఎండకు గాలికి ఆరితే గట్టిపడుతుంది. బీదరు కోట నిలిచింది దీనితోనే. కాని ఒళ్లంతా రంధ్రాలు. నీటిని జల్లెడలా వదిలేస్తుంది. అందువల్ల గోడలకు ఇది పనికివచ్చినా స్నానాల నేలకు పనికిరాదు.

నేలకు కావలసిన రాయి దక్షిణాన, తాండూరు, షాబాదు ప్రాంతాల్లో ఉంది. అది సున్నపురాయి. యాభై కోట్ల సంవత్సరాలకు పైబడిన సముద్రగర్భపు ఒండ్రు పొరలు పొరలుగా గట్టిపడి ఏర్పడినది. భూగర్భ శాస్త్రజ్ఞులు భీమానది పేర దాన్ని పిలుస్తారు. పొరల మధ్య ఉలి పెట్టి కొడితే పలకలుగా విడిపోవడం దాని సుగుణం. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలుమార్గం పడింది. తాండూరు ఆ దారిలోనిదే. అంతకుముందు ఎడ్లబండి మోయగలిగినంత దూరమే పోయిన బండ ఆ తరువాత రైలెక్కి హైదరాబాదు వరకు పోయింది. నగరంలోని ఎన్ని పాఠశాలల వరండాల్లో మనం ఆ నీలిబండల మీద బాసిపట్టు వేసుకొని కూర్చొని ఎక్కాలు వల్లె వేశామో! కర్నూలు వైపు బేతంచెర్ల, కడప వైపు నాపరాయి కూడా ఈ జాతివే, వయసులోనూ పొరల తీరులోనూ వేరైనా.

సున్నపురాయి నీటిని ఎర్రరాయిలా వదిలేయదు గాని, పూర్తిగా నిరాకరించదు కూడా. కంటికి కనబడని సన్నని దారుల్లో నీరు లోపలికి ఎక్కుతుంది. నీటితో పాటు నూనె, పసుపు, సబ్బు, ఉప్పు. నీరు ఆవిరై పోతుంది, తక్కినవి లోపల మిగులుతాయి. ఇక పులుపు తగిలిందా, రాయే కరుగుతుంది. పిల్లలకు పాఠం చెప్పే రోజుల్లో పొరుగు తరగతి సైన్సు మాస్టారు బండ మీద నిమ్మరసం పిండి నురగ చూపించేవారు. అప్పుడు మేమంతా నవ్వుకొన్నాం. మా మేస్త్రీ పోసిన యాసిడ్ ఆ నిమ్మరసానికి పెద్దన్న అని ఆనాడు నాకు తట్టలేదు.

ఇప్పుడు పుస్తకాల సంగతి. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. జ్యోతిషం చెప్పే గ్రంథంలో ఇది ఎందుకని అడగవద్దు. మేఘాల గర్భం నుంచి దంతధావనం దాకా అందులో లేనిది లేదు. ఆయన చెప్పిన మొదటి యోగం ఇది. పచ్చి తుమికి కాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగు పూలు, అందుగు గింజలు, ధన్వన వృక్షపు బెరడు, వస. వీటిని ఒక ద్రోణం నీటిలో వేసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచాలి. ఆ కషాయంలో శ్రీవాసకం, బోళం, గుగ్గులు, నల్లజీడి, కుందురుకం, సర్జరసం, అతసి, మారేడు కలిపి ముద్ద చేయాలి. వేడివేడిగా పూయాలి. దేవాలయానికి, మేడకు, లింగానికి, ప్రతిమకు, గోడకు, బావికి పూయవచ్చునట. కోటి సంవత్సరాలు నిలుస్తుందట! నా దగ్గరున్న డబ్బా మీద పదేళ్లని వ్రాసి ఉంది. ఆనాటి ప్రకటనలే నయం.

అతిశయోక్తి సంగతి అలా ఉంచి ద్రవ్యాలను చూద్దాం. తుమికి, వెలగ పచ్చి కాయల్లో వగరు మెండు. కొన్ని చెట్ల బంకలు. నల్లజీడి రసం సంగతి చాకలివారికి తెలిసినంతగా పండితులకు తెలియదు. గుడ్డ మీద దానితో పెట్టిన గుర్తు ఎన్ని ఉతుకులకూ పోదు. ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయి. ఇక అతసి. కూర వండుకొనే అవిసె చెట్టుతో దీన్ని కలిపి తికమకపడేవారు ఉన్నారు. ఇక్కడ కావలసింది నూనె తీసే అవిసె గింజ. ఆ నూనెకు ఒక గుణముంది. నువ్వుల నూనెలా జిడ్డుగానే ఉండిపోదు, గాలి తగిలేకొద్దీ చిక్కబడి చివరికి పొరలా గట్టిపడుతుంది. చిత్రకారులు, వడ్రంగులు దానికోసమే వాడుతారు. వరాహమిహిరుడి ముద్దలో ఉన్నవి వగరు, బంక, గట్టిపడే నూనె. అవన్నీ వేడి మీద పలచబడి రాతి రంధ్రాల్లోకి దిగి, చల్లారాక అక్కడే బిగుసుకొంటాయి. బావిని కూడా పేర్కొన్నాడు గనుక ఆయన దృష్టిలో నీరు ఉన్నదనే నా అభిప్రాయం.

అదే అధ్యాయంలో లక్క, ఇంటి ధూళిమసి కలిసిన రెండవ యోగం, కొమ్ములు, వెంట్రుకలు, దున్నపోతు తోలు ఉడికించి చేసే మూడవ యోగం, సీసం, కంచు కరిగించి పోసే నాలుగవ యోగం కూడా ఉన్నాయి. దున్నపోతు తోలు మాట వచ్చింది కాబట్టి మా పొరుగు ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఇదే రహదారి మీద పడమరగా పోయి హుమ్నాబాదు దాటాక, దారికి కొద్ది దూరంలో బసవకల్యాణం ఉంది. పశ్చిమ చాళుక్యుల కల్యాణి అదే. అక్కడ 1126 నుంచి 1138 దాకా ఏలిన మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమనే సంస్కృత గ్రంథాన్ని రచించాడు. అందులో రాజు అనుభవించవలసిన ఉపభోగాల వరుసలో మొదటిది గృహం, రెండవది స్నానం. గృహ ప్రకరణంలో చిత్రకారుల గోడల కోసం దున్నపోతు తోలుతో చేసే వజ్రలేపం వస్తుంది. అది రంగు పట్టడానికి వాడే జిగురే గాని నీటిని ఆపే పూత కాదు. ఒకే పేరున్నంత మాత్రాన రెండూ ఒకటేనని వ్రాసేవారిని చూశాను. పేరు ఒకటే, పని వేరు.

గ్రంథాల్లో మాత్రమే మిగిలిపోయిందా ఈ విద్య? లేదు. ఆలయాల్లో ఇంకా సజీవంగా ఉంది. మూలవిరాట్టుకూ పీఠానికీ మధ్య సందులో అభిషేక జలం దిగకుండా లక్క, మైనం, గుగ్గిలం వంటి ఎనిమిది ద్రవ్యాలు దంచి నింపే అష్టబంధనం ఏమిటి? స్నానం చేసే రాతికి చేసే రక్షణే కదా. ఆగమాన్ని బట్టి ద్రవ్యాల్లో తేడాలుంటాయి. దంచేకొద్దీ మెత్తబడి, సందులో పెట్టాక రాయిలా బిగుస్తుంది. అయినా అది శాశ్వతం కాదని ఆగమకర్తలకు తెలుసు. అందుకే పన్నెండేళ్లకొకసారి తిరిగి చేయాలన్న నియమం పెట్టారు. తిరుమలలో 2018 ఆగస్టులో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం జరిగినప్పుడు ఆ క్రతువు గురించి పత్రికలు విరివిగా వ్రాశాయి. మంత్రభాగం మీద ఉన్నంత శ్రద్ధ ఆ ముద్ద మీద ఎవరికీ కనబడలేదు.

ముసల్మాను పాలకుల కాలంలో ఈ ప్రాంతానికి వచ్చిన హమ్మాముల దారి వేరు. వాళ్లు రాయిని నమ్ముకొన్నంతగా సున్నాన్ని నమ్ముకొన్నారు. బీదరు కోటలోని పాత షాహీ హమ్మాములోనే ఇప్పుడు పురావస్తు శాఖవారి ప్రదర్శనశాల ఉంది. మా ఊరి నుంచి పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్లిన ప్రతిసారీ వాళ్లు ఫిరంగులను చూస్తుంటే నేను గోడలను తడుముతూ ఉండేవాణ్ణి. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖకు అధిపతిగా పనిచేసిన గులాం యజ్దానీ బీదరు కట్టడాల మీద వ్రాసి 1947లో వెలువరించిన ఉద్గ్రంథం ఇప్పటికీ ఆ ఊరికి ప్రామాణికం.

గచ్చు చేసే పద్ధతి మా పెద్దలకు తెలుసు. సున్నాన్ని నానబెట్టి, ఇసుకో ఇటుక పొడో కలిపి, ఎడ్లు తిప్పే డంగులో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ ఊట, మారేడు గుజ్జు, కొన్నిచోట్ల గుడ్డు తెల్లసొన చేర్చేవారు. మారేడు మళ్లీ వచ్చింది చూడండి! పై పూత తడిగా ఉండగానే నున్నని గులకరాయితో గంటల కొద్దీ రుద్దేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్లీ సున్నపురాయి అవుతుంది. రాయిని కాల్చి సున్నం చేసి, ఆ సున్నాన్ని తిరిగి రాయిగా మార్చడం అన్నమాట. దాని మీద నూనె గాని సబ్బు గాని రుద్దితే సున్నంతో కలిసి నీటిలో కరగని పదార్థం ఏర్పడుతుంది. మొరాకో దేశపు హమ్మాముల్లో నల్లసబ్బు పూసి రాతితో రుద్దే తాదెలక్త్ అనే గచ్చు రహస్యం ఇదే.

గోలకొండ కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో, రాజకుటుంబీకుల భౌతికకాయాలకు అంత్యస్నానం చేయించిన హమ్మాం ఉంది. ఆ ఆవరణను ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2013 నుంచి పునరుద్ధరిస్తూ వచ్చింది. అక్కడి పనుల్లో నన్ను ఆలోచింపజేసినది ఒకటుంది. ఇరవయ్యవ శతాబ్దిలో మరమ్మతుల పేరిట కట్టడాల మీద వేసిన సిమెంటు పొరలను తొలగించి మళ్లీ సున్నమే వేశారు. సిమెంటు నీటిని ఆపుతుందని వేశారు, అది లోపలి చెమ్మను బయటికి రానీయలేదు. బయటి నీరు రాకూడదు, లోపలి చెమ్మ పోవాలి. ఈ రెండు పనులూ ఒకే పూత చేయాలి. మా స్నానాల గదిలో చెడింది ఇక్కడే. బండల కింద వేసిన సిమెంటు మసాలా ఇంకా పచ్చిది. అందులోని నీరు, లవణాలు పైకి వస్తుంటే అద్దంలాంటి పూత మూతవేసి కూర్చుంది. పాల మరకలు అవే. మసాలా పూర్తి బలానికి రావడానికి ఇరవై ఎనిమిది రోజులని మేస్త్రీలందరూ లెక్క చెబుతారు. నేను ఏడు ఇచ్చాను.

పాశ్చాత్యులు మనకంటే ముందే తెలుసుకొన్నారనీ చెప్పలేం, తెలుసుకోలేదనీ చెప్పలేం. రోమన్ వాస్తుకారుడు విత్రూవియస్ ఆరుబయటి గచ్చు నేలలను ఏటేటా చలికాలానికి ముందు నూనె మడ్డితో తడపమన్నాడు. మన ఆగమంలో పన్నెండేళ్లు, అతనికి ఒక్క ఏడు. లండన్‌లో 1840లో మొదలుపెట్టిన పార్లమెంటు భవనం సున్నపురాయి ఇరవై ఏళ్లు తిరిగేసరికే రాలిపోసాగింది. అక్కడి బొగ్గుపొగలోని ఆమ్లం వానతో కలిసి దాన్ని తిన్నది. 1861లో దానిపై విచారణ సంఘమే వేశారు. ఆ ఏడాదే హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు సిలికా ద్రవమొకటి పూస్తే రాయి గట్టిపడుతుందని సూచించాడు. అది పనిలోకి రావడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. 1920లలో లారీ అనే ఆయన దాన్ని ముందుకు తెచ్చాడు. 1940 ప్రాంతంలో అమెరికాలో సిలికోన్ల తయారీకి చవక దారి దొరికాక, నేడు అంగళ్లలో దొరికే సైలేన్, సైలాక్సేన్ రకాలు వచ్చాయి. ఇవి రాతి మీద పొరగా నిలవవు. లోపలికి ఇంకి, సన్నని దారుల గోడలకు అంటుకొని నీటిని తిప్పికొడతాయి, ఆవిరిని వదిలేస్తాయి. వరాహమిహిరుడు వేడిచేసి పంపించిన చోటికే ఇవి చల్లగా వెళతాయి.

ఒక్క మాట. ఇవి బండను కాపాడతాయి గాని గదిని కాపాడవు. నీరు గోడల్లోకి దిగకుండా బండల కింద వేయవలసిన పూత వేరే. దాన్ని మిగుల్చుకొని పైన డబ్బా పోస్తే ఫలితం ఉండదు.

పాలిష్ మిషన్‌వాళ్లు చివర్లో తెల్లని ఆక్జాలిక్ పొడి చల్లి రుద్దడం మీరు చూసే ఉంటారు. అదీ ఆమ్లమే. కాని అది సున్నపురాతి పైపొరతో కలిసి ఆమ్లాలకు సులభంగా లొంగని పలుచని పొరను మిగులుస్తుంది. ఇటలీలో ప్రాచీన శిలాస్తంభాల మీద అటువంటి పొరలనే కనుగొని, అవి పూర్వులు పూసిన పూతలవా, సూక్ష్మజీవులు చేసినవా అని పండితులు దశాబ్దాల తరబడి వాదించుకొన్నారు. మరకలు కడగడానికి పోసే యాసిడ్‌కూ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు.

నా భార్య కట్టు విప్పాక గదిని మళ్లీ పట్టుకొన్నాం. ఈసారి మరో మేస్త్రీ, డెబ్బై దాటినవాడు. పాత పూతను ద్రావకంతో మెత్తబరచి గీకించాడు. తరువాత నెలన్నర గదికి తాళం వేయించాడు. ఇంటిల్లిపాదీ పెరట్లో తడికల చాటున స్నానం చేశాం. నాకు తొందర పుట్టినప్పుడల్లా, "సారూ, బండ ఎండిందో లేదో బండనే చెప్తది, మీరు చెప్పొద్దు" అనేవాడు. ముప్పై ఆరేళ్లు పిల్లలకు ఆగమని చెప్పినవాణ్ణి, నాకు ఆ మాట చెప్పేవాడు దొరికాడు. చివరికి ఇంకే రకం పూత సన్నగా పూసి, మిగిలినదాన్ని పావుగంటలో పొడిగుడ్డతో తుడిచేశాడు. అవిసె నూనె సంగతి నేను ఎత్తితే, వాళ్ల నాయన కాలంలో కచేరీ మెట్లకు రాసేవారని, రాసిన గుడ్డలు కుప్పవేస్తే తమంతట తామే అంటుకొంటాయని, స్నానాల నేలకు మాత్రం రాయవద్దని చెప్పాడు. రాస్తే నల్లబడుతుంది, సబ్బుతో జిడ్డు తేలుతుంది. వరాహమిహిరుడి యోగాన్ని కాచి చూద్దామన్న నా ఉబలాటం అక్కడితో చల్లారింది. నల్లజీడి పేరు వినగానే మా ఇంట్లో దానికి అనుమతి రాలేదు కూడా.

పని ముగిసే రోజున అతడు పెరట్లో గోడకు చేరవేసి ఉన్న పాత బండను చూశాడు. పడగొట్టిన గదిలోది. మా నాయనమ్మ పెళ్లయి వచ్చేనాటికే ఉన్నదట. నాలుగు తరాలు దాని మీద తలంట్లు పోసుకొన్నాం, సున్నిపిండి రుద్దుకొన్నాం, వారానికోమారు కొబ్బరిపీచుతో తోమాం. దాని మీద ఏ యాసిడూ పడలేదు, ఏ డబ్బా పూతా పడలేదు. చెంబుతో నీళ్లు పోశాడు. నీళ్లు ముత్యాల్లా దొర్లలేదు గాని, పెద్దగా ఇంకకుండా మెల్లగా పక్కకు జరిగిపోయాయి. తడి పాదం పెట్టి చూశాను, జారలేదు. "ఇది పెట్టుకొని అది ఎందుకు కొన్నరు సారూ?" అన్నాడు.

కొత్త గదిలో గోడవారగా రెండు ఇటుకల వరసలు కట్టించి దాన్ని కూర్చునే బండగా అమర్చాం. నా భార్య ఇప్పుడు దాని మీదే కూర్చొని స్నానం చేస్తుంది. కుడిచేయి ఇంకా పూర్తిగా తిరగదు, చెంబు ఎడమచేత్తో పట్టుకొంటుంది. నేల మీద అరచెంబు నీళ్లు పోసి, రాయి నల్లబడుతుందో లేదో మూడు నెలలకొకసారి చూస్తున్నాను. మొన్న దసరాకు తూము పక్కనున్న ఒక బండ కొద్దిగా నల్లబడింది. మేస్త్రీకి కబురు పెట్టాను. పంటకోతలు అయ్యాక వస్తానన్నాడు. సరేనన్నాను.